ఉల్లేఖసంఖ్యయు పరిశోధకగౌరవమును: లీజె మైట్నర్ శాస్త్రజీవిత పరిశీలనము

పరిశోధన వ్యాసమునకు ప్రమాణము ప్రాణము. ఒక విషయమును ప్రతిపాదించువారు అది తమకు ఎచ్చట లభించినదో చెప్పవలయును. తమకు పూర్వము దానిని చెప్పినవారి పేరు పేర్కొనవలయును. ఇట్లు పూర్వుల రచనలను పేర్కొనుటను ఆంగ్లమున సైటేషన్ అందురు. దానిని మేమీ వ్యాసమున ఉల్లేఖము అని వ్యవహరించుచున్నాము. ఒకరి రచనను ఇతరులు ఎన్నిమారులు ఉల్లేఖించిరో లెక్కించి, ఆ లెక్కనుబట్టి ఆ పరిశోధకుని స్థానమును నిర్ణయించు పద్ధతి నేడు విజ్ఞానశాస్త్ర శాఖలయందు స్థిరపడినది. భాషాసాహిత్య శాఖలకును అది సమీపించుచున్నది. 2010 నాటి విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘ నియమావళితో అధ్యాపకుల ప్రచురణలకు అంకెలు కట్టు పద్ధతి మన దేశమున ప్రవేశించినది. 2018లో ఆ నియమములు మారినను ప్రచురణలను అంకెలతో కొలుచుట మాత్రము పోలేదు. కావున ఈ లెక్క దేనిని చెప్పగలదు, దేనిని చెప్పజాలదు అను ప్రశ్న తెలుగు పరిశోధకులకు ఉపేక్షింపదగినది కాదు.

ఇట్టి ప్రశ్నను సిద్ధాంతముగా చర్చించుటకంటె ఒక్క జీవితమును నిదానముగా పరిశీలించుట మేలని తలచితిమి. కేంద్రక భౌతికశాస్త్రమున ప్రథమశ్రేణికి చెందిన లీజె మైట్నర్ పరిశోధనలను అందుకై ఎన్నుకొంటిమి. ఆమె కృషి అల్పమైనది కాదు, అజ్ఞాతమైనదియు కాదు. అయినను ఆమెకు రావలసిన గౌరవము పలు తావుల జారిపోయినది. అది ఎచ్చట, ఏ కారణమున జారినదో గుర్తించినచో ఉల్లేఖసంఖ్య యొక్క బలమును, దౌర్బల్యమును మనకు స్పష్టమగును.

1. ఉల్లేఖమునకు గల రెండు ప్రయోజనములు

పూర్వులను పేర్కొను ఆచారము మనకు కొత్త కాదు. తెలుగు కావ్యముల అవతారికలలో ఇష్టదేవతాస్తుతి పిమ్మట పూర్వకవిస్తుతి కనబడును. కవి తన మార్గమునకు మూలపురుషులెవరో అందు చెప్పుకొనును. ఇది గౌరవసూచకమైన ఉల్లేఖము. లాక్షణికుడు ఒక ప్రయోగము సాధువని నిరూపించుటకు పూర్వకవి పద్యమును లక్ష్యముగా చూపును. ఇది ప్రమాణరూపమైన ఉల్లేఖము. ఈ రెండవ దాని విలువ మన సాహిత్యచరిత్రకారులకు బాగుగా తెలియును. నామరూపములు లేక నశించిన కావ్యములు పెక్కింటి జాడ లక్షణగ్రంథములలోను, పెదపాటి జగ్గన ప్రబంధరత్నాకరము వంటి సంకలనములలోను నిలిచిన పద్యముల వలననే తెలియవచ్చినది. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు 1918లో ప్రకటించిన ప్రబంధరత్నావళి యిట్టి పద్యముల కూర్పే.

మన సాహిత్యమున ఉల్లేఖము గ్రంథమును బ్రదికించినదన్న మాట. కాని ఉల్లేఖింపబడిన పద్యముల సంఖ్యనుబట్టి కవుల తారతమ్యమును నిర్ణయింప ఎవరును సాహసింపలేదు. లాక్షణికునకు ఏ పద్యము అక్కరకు వచ్చెనో అది నిలిచినది. రాని పద్యము పోయినది. పోయినది నిలిచినదానికంటె తక్కువదని చెప్పుటకు ఆధారము లేదు.

2. లెక్క ఎట్లు పుట్టినది

విజ్ఞానశాస్త్రములలో ఉల్లేఖములను క్రమముగా లెక్కించుటకు మార్గము చూపినవాడు అమెరికా దేశీయుడగు యూజీన్ గార్‌ఫీల్డ్. 1955లో సైన్స్ పత్రికయందు ఆయన ఒక సూచిని ప్రతిపాదించెను. ఆ ప్రతిపాదనము ఫలించి 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ అను పేర ప్రచురణ రూపము దాల్చినది. సామాన్యమైన గ్రంథసూచి ఒక వ్యాసము ఏయే పూర్వరచనలపై ఆధారపడినదో చెప్పును. గార్‌ఫీల్డ్ సూచి దీనిని త్రిప్పి, ఒక పూర్వరచనను అనంతరకాలమున ఎవరెవరు వాడుకొనిరో చెప్పును. ఒక భావము యొక్క సంతతిని వెదకుటకు ఇది మిక్కిలి అనుకూలమైన సాధనము. వెదకుటకై ఏర్పడిన ఈ సాధనమును క్రమముగా తూచుటకును వాడసాగిరి.

2005లో హిర్ష్ అను భౌతికశాస్త్రవేత్త ఒక కొలతను సూచించెను. దీనిని హెచ్-సూచిక అందురు. ఒక పరిశోధకుని వ్యాసములలో కనీసము పదింటికి ఒక్కొక్కదానికి పదికి తక్కువకాని ఉల్లేఖములున్నచో, పదునొకండవదానికి పదునొకండు లేనిచో, అతని సూచిక పది. ఈ లెక్కలో ఒక్క వ్యాసమునకు వేయి ఉల్లేఖములున్నను ఆ వ్యాసము సూచికను ఒక్క అంకెకు మించి పెంచదు. నిలుకడగా పెక్కు వ్యాసములు వ్రాసినవారికి ఇది అనుకూలము. కొలది పుటలలో ఒక శాస్త్రమునకు దారి మార్చినవారికి ఇది అనుకూలము కాదు.

ఈ పరిజ్ఞానముతో మైట్నర్ జీవితమును పరిశీలింతము.

3. వియన్నా నుండి బెర్లిన్ వరకు

లీజె మైట్నర్ 1878 నవంబరులో వియన్నా నగరమున యూదు కుటుంబమున జన్మించెను. తండ్రి న్యాయవాది. ఆస్ట్రియా దేశమున స్త్రీలకు విశ్వవిద్యాలయ ప్రవేశము 1897 వరకు లేదు. ఆమె 1901లో వియన్నా విశ్వవిద్యాలయమున చేరి, బోల్ట్స్‌మన్ కడ భౌతికశాస్త్రము నభ్యసించి, 1906లో డాక్టరు పట్టము నందెను. 1907లో మాక్స్ ప్లాంక్ ఉపన్యాసములు వినుటకై బెర్లిన్ వెళ్లెను. అచ్చట ఓటో హాన్ అను రసాయనశాస్త్రవేత్తతో పరిచయమేర్పడినది. రేడియోధార్మిక పదార్థములను శోధించుటకు హాన్‌కు భౌతికశాస్త్రజ్ఞుల తోడు కావలసియుండెను.

వారి కృషి ఎమిల్ ఫిషర్ అధ్యక్షతనున్న రసాయన పరిశోధనాలయమున మొదలైనది. ఆ భవనమున స్త్రీలకు ప్రవేశము నిషిద్ధము. నేల అంతస్తులో పూర్వము వడ్రంగము జరిగిన ఒక గదిలో, వేరు ద్వారము గుండ వచ్చి పనిచేసికొనుటకు మాత్రము మైట్నర్‌కు అనుమతి లభించెను. ప్రష్యా ప్రభుత్వము 1908లో స్త్రీల విద్యకు విశ్వవిద్యాలయములను తెరచిన పిమ్మటగాని ఈ నిర్బంధము సడలలేదు. 1912లో వారు డాలెమ్‌లో కొత్తగా వెలసిన కైజర్ విల్‌హెల్మ్ రసాయనశాస్త్ర సంస్థకు మారిరి. ఆదిలో ఆమె అచ్చట వేతనములేని అతిథి.

ఇట మనము గమనింపదగినది ఒకటి కలదు. ఉల్లేఖసూచి వ్యాసములను మాత్రమే చూచును. వ్యాసము పుట్టుటకు పూర్వము పరిశోధకునికి గది, వేతనము, పరికరము, ప్రవేశాధికారము కావలయును. అవి లేక వ్యర్థమైన సంవత్సరములకు ఏ సూచిలోను స్థానము లేదు.

4. ప్రొటాక్టీనియము: పేర్ల క్రమము

మొదటి ప్రపంచయుద్ధకాలమున హాన్ సైన్యమున చేరవలసివచ్చెను. మైట్నర్ కొంతకాలము ఆస్ట్రియా సైనికాసుపత్రులలో ఎక్స్-కిరణ పరికరములు నడపి, 1916లో బెర్లిన్‌కు తిరిగివచ్చెను. ఆక్టీనియము అను మూలకము దేనినుండి జనించుచున్నదో కనుగొనుట వారి ముందున్న సమస్య. హాన్ సెలవులలో వచ్చి పాల్గొనుచుండెను. ప్రయోగభారము చాలవరకు మైట్నర్ వహించెను. 1918లో ఆ జనకపదార్థమును వారు ప్రకటించిరి. అదియే పరమాణుసంఖ్య 91 గల ప్రొటాక్టీనియము. వారు కనుగొన్నది దాని దీర్ఘజీవియగు రూపము. అల్పజీవియగు మరియొక రూపమును ఫయాన్స్, గోరింగ్ అనువారు 1913లోనే గుర్తించియుండిరి.

1918 నాటి ఆ వ్యాసమున మొదటి పేరు హాన్‌ది, రెండవది మైట్నర్‌ది. ఆ కాలమున ఇది పెద్ద విషయముగా తోపలేదు. కాని గార్‌ఫీల్డ్ సూచి వెలువడిన తొలిదినములలో ఉల్లేఖింపబడిన రచనను దాని మొదటి కర్త పేరుక్రిందనే చేర్చుచుండిరి. తత్ఫలితముగా హాన్-మైట్నర్ వ్యాసమును ఉల్లేఖించిన ప్రతివాని లెక్కయు హాన్ ఖాతాలో పడును. రెండవ పేరు గలవారు ఆ సూచిలో వెదకినను కానరారు. ఈ నియమము ఆమె యెడల పక్షపాతముతో ఏర్పడినది కాదు. ఆమెకు మొదటి పేరున్నచోట ఇదే నియమము ఆమె సహకర్తను మరుగుపరచును. 1937 నాటి వ్యాసములలో హాన్, మైట్నర్, స్ట్రాస్‌మన్ మువ్వురును రసాయన పత్రికయందు హాన్ పేరును, భౌతిక పత్రికయందు మైట్నర్ పేరును ముందుంచిరి. ఒకే కృషి ఒకచోట ఒకరిది, మరొకచోట మరొకరిది యగుట ఇట్లు సంభవించును. నిర్దోషముగా కనబడు ముద్రణ సౌకర్యము సైతము చరిత్రను వంచగలదని దీనివలన తెలియుచున్నది.

5. ఒక ఫలమునకు మరొక పేరు

1917లో కైజర్ విల్‌హెల్మ్ సంస్థయందు భౌతికశాస్త్ర విభాగము మైట్నర్ యాజమాన్యమున ఏర్పడెను. 1926లో ఆమె బెర్లిన్ విశ్వవిద్యాలయమున ఆచార్యపదవి నందెను. జర్మనీ దేశమున భౌతికశాస్త్రమునకు ఆచార్యురాలైన మొదటి స్త్రీ ఆమెయే. ఈ దశాబ్దమున ఆమె చేసిన పరిశోధనలలో రెండింటిని పేర్కొందుము.

పరమాణువు యొక్క లోపలి కక్ష్యనుండి ఒక ఎలక్ట్రాను తొలగినచో బయటి కక్ష్యలోనిది ఆ ఖాళీని పూరించును. అప్పుడు మిగిలిన శక్తి ఎక్స్-కిరణముగా వెలువడవచ్చును. లేదా కిరణము వెలువడకయే ఆ శక్తి మరియొక ఎలక్ట్రానునకు చేరి దానిని పరమాణువునుండి వెలికి నెట్టవచ్చును. ఈ రెండవ ప్రక్రియను మైట్నర్ బీటా కిరణములను శోధించుచు 1922లో వివరించెను. ఫ్రాన్సు దేశీయుడగు పియేర్ ఓజె 1923లో వేరొక మార్గమున దానిని గుర్తించెను. ఓజె కృషి స్వతంత్రమైనది, ఆ ప్రక్రియను ప్రధానవిషయముగా గైకొని విపులముగా పరిశీలించినది. దానికి ఓజె ప్రభావము అను పేరు స్థిరపడెను. పదార్థముల ఉపరితలమును శోధించు విద్యయందు ఆ పేరు నిత్యవ్యవహారమున కలదు. పేరు స్థిరపడిన పిమ్మట ఆ పేరు గలవానినే తలచుట సహజము. ఓజె-మైట్నర్ ప్రభావమని వ్యవహరింపవలయునని 2019లో ఫిజిక్స్ టుడే పత్రికయందు కొందరు ప్రతిపాదించిరి. అప్పటికి దాదాపు నూరేండ్లు గడచినవి.

6. వాదమున ఓడినవారి ఉల్లేఖము

రెండవది బీటా కిరణముల వర్ణపటమునకు సంబంధించినది. కేంద్రకమునుండి వెలువడు ఎలక్ట్రానులు ఒకే శక్తితో గాక వివిధ శక్తులతో అవిచ్ఛిన్నముగా వెలువడుచున్నవని 1914లో చాడ్విక్ చూపెను. ఇది వింతయైన విషయము. కేంద్రకమునుండి బయలుదేరునప్పుడు ఎలక్ట్రానులన్నియు ఒకే శక్తి కలవియేయనియు, దారిలో శక్తిని కోల్పోవుటచే భేదము కలుగుచున్నదనియు మైట్నర్ మతము. ఇంగ్లండు దేశమున ఎల్లిస్ దీనిని ఖండించెను. వాదము కొన్ని వత్సరములు సాగినది.

1927లో ఎల్లిస్, వూస్టర్ అనువారు రేడియం-ఇ అను పదార్థమును ఉష్ణమాపకమున నుంచి, ఒక్కొక్క విచ్ఛేదమున వెలువడు వేడిని కొలిచిరి. మైట్నర్ మతమే నిజమైనచో ఒక్కొక్క పరమాణువు విడుచు శక్తి సుమారు 10,50,000 ఎలక్ట్రాను వోల్టులు కావలయును. వారికి లభించినది సుమారు 3,50,000 మాత్రమే. మైట్నర్ ఆ ఫలితమును నమ్మక, ఓర్త్‌మన్ తోడ్పాటుతో అంతకంటె సూక్ష్మమైన పరికరముతో ఆ ప్రయోగమును తిరిగి చేసెను. ఆమెకు లభించినది 3,37,000. ప్రతిపక్షి చెప్పినదే నిజమని ఆమె 1930లో ప్రకటించెను. ఆ సంవత్సరము డిసెంబరు 4వ తేదీన పౌలీ, ట్యూబింగెన్‌లో సమావేశమైన రేడియోధార్మిక పరిశోధకులకు లేఖ వ్రాసి, కానరాని ఒక తటస్థకణము మిగిలిన శక్తిని కొనిపోవుచుండవచ్చునని సూచించెను. న్యూట్రినో భావనకు అది మూలము. ఆ లేఖ నందుకొన్న వారిలో మైట్నర్ ఒకరు.

ఉల్లేఖసంఖ్యను లెక్కించువారు ఈ 1930 నాటి వ్యాసమునకు కొన్ని అంకెలు వేయుదురు. కాని తన మతమును తానే శోధించి, తనకు ప్రతికూలమైన ఫలితమును జంకక ప్రకటించుట అను గుణమునకు అంకె లేదు. ఎల్లిస్ మతము అంత త్వరగా సర్వసమ్మతమగుటకు దానిని గట్టిగా వ్యతిరేకించిన మైట్నర్ ధ్రువీకరణమే ముఖ్యకారణములలో ఒకటి.

7. యురేనియము: తొలగిన పేరు

1934లో ఎన్రికో ఫెర్మీ రోము నగరమున యురేనియమును న్యూట్రానులతో తాడించి, యురేనియమునకు మించిన కొత్త మూలకములు లభించినవని తలచెను. మైట్నర్ దీనియందాసక్తురాలై, హాన్‌ను మరల సహకారమునకు ప్రోత్సహించెను. స్ట్రాస్‌మన్ వారితో చేరెను. నాలుగేండ్లు ఈ కృషి సాగినది.

1938 మార్చిలో హిట్లర్ ఆస్ట్రియాను ఆక్రమించుటతో ఆమె పౌరసత్వము నిరర్థకమైనది. యూదు వంశీయురాలగుటచే ఆమెకు రక్షణ లేకపోయెను. 1938 జూలై 13వ తేదీన డచ్చి శాస్త్రజ్ఞుడు డర్క్ కోస్టర్ సహాయమున ఆమె రహస్యముగా సరిహద్దు దాటి హాలండు చేరెను. అప్పటికామె వయస్సు 59 ఏండ్లు. పిమ్మట స్టాక్‌హోమ్‌లో సీగ్బాన్ సంస్థయందు చోటు దొరకెను గాని తగిన పరికరములును సహాయకులును దొరకలేదు. బెర్లిన్ కృషితో ఆమె సంబంధము ఉత్తరములద్వారా సాగినది. ఆ నవంబరులో హాన్ ఆమెను కోపెన్‌హేగన్‌లో కలిసికొనెను. రేడియమని హాన్ తలచుచున్న పదార్థమును మరల నిశితముగా పరీక్షింపవలసినదని ఆమె నొక్కిచెప్పెను. ఆ పరీక్షలో తేలినది రేడియము కాదు, బేరియము. యురేనియము పరమాణుసంఖ్య 92. బేరియముది 56. ఇంత దూరపు మూలకము ఎట్లు పుట్టినదో హాన్‌కు బోధపడలేదు. డిసెంబరు 19వ తేదీన ఆయన మైట్నర్‌కు లేఖ వ్రాసి వివరణ మడిగెను.

హాన్, స్ట్రాస్‌మన్‌ల వ్యాసము 1939 జనవరి 6వ తేదీన వెలువడినది. అందు కర్తృస్థానమున మైట్నర్ పేరు లేదు. నాజీ పాలనలో దేశము విడిచిపోయిన యూదు స్త్రీ పేరును కర్తగా ముద్రించుట ఆనాడు సాధ్యము కాదు. క్రిస్మస్ సెలవులలో స్వీడన్‌లోని కుంగెల్వ్ గ్రామమున మైట్నర్, ఆమె సోదరి కుమారుడు ఓటో ఫ్రిష్ కలిసి ఈ సమస్యను విడదీసిరి. కేంద్రకము ద్రవబిందువు వంటిది. యురేనియమున విద్యుదావేశము అధికమగుటచే ఆ బిందువును పట్టియుంచు తలతన్యత మిక్కిలి బలహీనమై యుండును. న్యూట్రాను తాకిడికి అది సాగి, నడుమ సన్నమై, రెండుగా చీలును. చీలిన తునకలు పరస్పరము వికర్షించుకొనునపుడు సుమారు 20 కోట్ల ఎలక్ట్రాను వోల్టుల శక్తి వెలువడవలయును. తునకల మొత్తపు ద్రవ్యరాశి ప్రోటాను ద్రవ్యరాశిలో సుమారు అయిదవ వంతు తగ్గునని మైట్నర్ గణించెను. ఐన్‌స్టైన్ సూత్రమునుబట్టి ఆ లోపమునకు సమానమైన శక్తియు దాదాపు అంతియే. రెండు లెక్కలును సరిపోయినవి. మామూలు రసాయనచర్యలో ఒక్కొక్క పరమాణువునకు వెలువడు శక్తి కొలది ఎలక్ట్రాను వోల్టులు మాత్రమే యని గుర్తుంచుకొన్నచో దీని మహత్త్వము తెలియును. ఈ వివరణము నేచర్ పత్రికలో 1939 ఫిబ్రవరి 11వ తేదీన ప్రకటితమైనది. జీవకణము చీలుటకు వాడు ఫిషన్ అను పదమును ఈ చర్యకు వారే తొలుత వాడిరి. మనము దానిని కేంద్రక విచ్ఛిత్తి అనుచున్నాము.

ఇట్లు ఒకే ఆవిష్కరణము రెండు వ్యాసములుగా చీలినది: రసాయన సాక్ష్యము ఒకచోట, భౌతిక వివరణము మరొకచోట, నడుమ ఒక దేశపు సరిహద్దు. నాలుగేండ్ల ఉమ్మడి కృషి ఈ చీలికలో అదృశ్యమైనది. విచ్ఛిత్తిని కనుగొన్నదెవరని అడిగినవారికి మొదటి వ్యాసము మాత్రమే చూపబడెను. 1944వ సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెల్ బహుమానము హాన్‌కు మాత్రమే ఈయబడినట్లు 1945 నవంబరులో ప్రకటింపబడినది. నోబెల్ సంఘపు పాతపత్రములు పరిశోధకులకు లభ్యమైన పిమ్మట, క్రాఫర్డ్, సైమ్, వాకర్ అనువారు వానిని పరిశీలించి 1997లో ఒక వ్యాసము ప్రకటించిరి. శాస్త్రముల నడుమనున్న విషయమును తూచలేని శాఖాభిమానము, రాజకీయ పరిస్థితుల యెడ మాంద్యము, అజ్ఞానము, తొందరపాటు అను నాలుగింటిని వారు కారణములుగా చూపిరి. మైట్నర్ పేరు నోబెల్ బహుమానమునకు వివిధ సంవత్సరములలో నలువదికి మించి మారులు ప్రతిపాదింపబడినది. ఒక్కమారును ఫలింపలేదు.

8. వ్యాపించినకొలది తరుగు లెక్క

మైట్నర్, ఫ్రిష్‌ల వ్యాసము చిన్నది. నేచర్ పత్రికలో రెండు పుటలకు మించదు. అది తక్షణమే శాస్త్రలోకమును కదల్చినది. 1940 జనవరిలో టర్నర్ అను శాస్త్రజ్ఞుడు విచ్ఛిత్తిపై సమీక్ష వ్రాయునాటికి, ఒక్క యేడాదిలో దాదాపు నూరు వ్యాసములు వెలువడియుండెను. 1939 సెప్టెంబరులో బోర్, వీలర్ అనువారు విచ్ఛిత్తికి సమగ్రమైన సిద్ధాంతమును ప్రకటించిరి. అది మైట్నర్, ఫ్రిష్‌ల భావనపై నిర్మింపబడినదే. కాని తరువాతివారు సమగ్రమైన దానిని ఉల్లేఖింతురు, మూలమైనదానిని వదలుదురు. ఆ పిమ్మట యుద్ధమువలన విచ్ఛిత్తి పరిశోధనలు గోప్యములైనవి. ప్రచురణయే ఆగిపోయినప్పుడు ఉల్లేఖముండదు. యుద్ధానంతరము విచ్ఛిత్తి పాఠ్యగ్రంథములకెక్కినది. పాఠ్యవిషయమునకు ప్రమాణము చూపవలసిన పని లేదు. భూమి గుండ్రముగా నున్నదని వ్రాయువాడు ఎవరిని ఉల్లేఖించును?

ఈ స్థితిని సామాజికశాస్త్రజ్ఞుడు రాబర్ట్ మెర్టన్ గుర్తించి, లీనమగుటచే కలుగు లోపమని వివరించెను. ఒక భావము శాస్త్రమున పూర్తిగా కలిసిపోయినప్పుడు దాని కర్త పేరు చెరగిపోవును. ఇందుచే ఉల్లేఖసంఖ్యకు ఒక విచిత్రమైన స్వభావమేర్పడుచున్నది. మధ్యరకపు విజయమును అది చక్కగా కొలుచును. మిక్కిలి గొప్ప విజయమును కొలువలేదు.

9. ఉల్లేఖింపని తప్పు

మైట్నర్‌ను అన్యాయమునకు గురియైన వ్యక్తిగా మాత్రమే చిత్రించుట సమగ్రము కాదు. 1934లోనే ఈడా నోడాక్ అను రసాయనశాస్త్రజ్ఞురాలు ఫెర్మీ నిర్ణయమును విమర్శించుచు, కేంద్రకము పెద్ద తునకలుగా విడిపోయి యుండవచ్చునని సూచించెను. ఆమె దానిని ప్రయోగముతో నిరూపింపలేదు, కారణమును వివరింపలేదు. అయినను ఆ సూచనను బెర్లిన్ బృందము గాని, రోము బృందము గాని పరిశీలనకు తీసికొనలేదు. విచ్ఛిత్తి ప్రకటితమైన పిమ్మట నోడాక్ తన వ్యాసము ఉల్లేఖింపబడలేదని 1939లో ఫిర్యాదు చేసెను. ఆ సూచనను శోధించియుండినచో నాలుగేండ్ల కాలము కలిసివచ్చియుండెడిది. ఉల్లేఖింపకపోవుట అన్యాయమగుటయే గాక శాస్త్రమునకు నష్టమును కూడ అని దీనివలన తేలుచున్నది. ఉల్లేఖలోపమువలన కష్టపడినవారి బృందమే మరొకరిని ఉపేక్షించినదని గమనించినచో, ఇది దుష్టులకు మాత్రమే కలుగు దోషము కాదని మనము గ్రహింపగలము.

10. చదువుటచే సరిదిద్దబడిన చరిత్ర

హాన్ ప్రయోగములు చేసిన పరికరములు మ్యూనిక్‌లోని జర్మన్ వస్తుప్రదర్శనశాలలో దశాబ్దముల తరబడి హాన్ పనిబల్ల అను పేరుతోనే ప్రదర్శింపబడినవి. ఆ పరికరములలో ముఖ్యమైనవి మైట్నర్ విభాగమున ఏర్పడినవి. తరువాత ఆమె పేరును, స్ట్రాస్‌మన్ పేరును చేర్చిరి. 1966లో అమెరికా ప్రభుత్వము ఫెర్మీ బహుమానమును హాన్, మైట్నర్, స్ట్రాస్‌మన్ మువ్వురికిని కలిపి యిచ్చినది. 1968 అక్టోబరు 27వ తేదీన ఆమె కేంబ్రిడ్జిలో మరణించెను. 1982లో డార్మ్‌స్టాట్‌లో సృష్టింపబడిన 109వ మూలకమునకు 1997లో మైట్నేరియము అను పేరు అంగీకృతమైనది. డాలెమ్‌లో హాన్ పేర నున్న పూర్వపు సంస్థాభవనమునకు 2010లో హాన్-మైట్నర్ భవనమని పేరు మార్చిరి.

ఈ మార్పులేవియు ఉల్లేఖసంఖ్య పెరుగుటచే కలిగినవి కావు. రూత్ సైమ్ వంటి చరిత్రకారులు ఉత్తరములను తేదీల వరుసలో చదివి, వ్యాసముల పాఠములను పోల్చి, ఎవరు ఏనాడు ఏమి ఎరుగుదురో నిర్ణయించుటచే కలిగినవి. ఆమె వ్రాసిన మైట్నర్ జీవితచరిత్ర 1996లో వెలువడినది. తాళపత్రప్రతులను పోల్చి పాఠనిర్ణయము చేయు మన పండితుల పద్ధతికిని దీనికిని భేదము లేదు.

11. మనకు కర్తవ్యము

ఈ పరిశీలనమువలన పరిశోధక విద్యార్థులు గ్రహింపదగినవి నాలుగు కలవు.

మొదటిది: ఉల్లేఖించిన రచనను స్వయముగా చూడవలయును. ఒకరు చూపిన ప్రమాణమును మూలము చూడక తిరిగి చూపుట మన శాఖలలోను తరచుగా జరుగుచున్నది. ఇట్లు చేసినచో సమగ్రగ్రంథము మూలగ్రంథమును మ్రింగివేయును. మొదట చెప్పినవారెవరో వెదకి, వారి పేరు చెప్పిన పిమ్మటనే విపులముగా చెప్పినవారి పేరు చెప్పవలయును.

రెండవది: కర్తృస్థానమున లేనివారి కృషిని గుర్తింపవలయును. బ్రౌను దొర తెలుగు కావ్యములను ఉద్ధరించెనని మనమెల్లరము చెప్పుచున్నాము. అది నిజమే. కాని ప్రతులను సేకరించి, పోల్చి, వ్యాఖ్యలు వ్రాసిన జూలూరి అప్పయ్య మొదలగు పండితుల పేర్లు ఎన్ని సిద్ధాంతవ్యాసములలో కనబడుచున్నవి? ప్రతి నిచ్చినవారిని, పాట పాడినవారిని, నిఘంటువునకు మాట చెప్పినవారిని పేర్కొనుట దయ కాదు, ఋణము తీర్చుకొనుట.

మూడవది: తన మతమునకు ప్రతికూలమైన రచనను ముందుగా ఉల్లేఖింపవలయును. ఎల్లిస్ యెడ మైట్నర్ చూపిన నిజాయితీ అనుసరణీయము. నోడాక్ యెడ జరిగిన ఉపేక్ష వర్జనీయము.

నాలుగవది: అంకెను తిరస్కరింప నక్కరలేదు, అది దేనికి అంకెయో తెలిసికొనవలయును. ఒక రచనను ఎవరెవరు వాడుకొనిరో వెదకుటకు ఉల్లేఖసూచి ఉత్తమసాధనము. దానిని తెలుగు పరిశోధనకును నిర్మించుకొనుట అవసరము. కాని పదవీనిర్ణయమునకు కూర్చున్నవారు అంకెను చూచి వ్యాసమును చదువుట మానినచో, కర్తృస్థానమున పేరు లేదని మైట్నర్‌ను విడిచిన న్యాయమే మరల జరుగును. ఇద్దరు అభ్యర్థుల వ్యాసములను చదువుటకు ఒక పూట పట్టును. వారి అంకెలను చూచుటకు ఒక నిమిషము చాలును. మిగిలిన కాలము ఎవరి సొమ్మునుండి పోవుచున్నదో నిర్ణేతలైన ఆచార్యులు యోచింపవలసియున్నది.